ఫ్రెంచ్ రాకపోయినా 'లా కెస్త్యోఁ' ఎలా వినాలి

ఫ్రెంచ్ గాయని ఫ్రాన్స్వాజ్ ఆర్దీ గురించి అడిగితే చాలామంది 1962 నాటి తొలి హిట్‌తో మొదలుపెట్టమంటారు. నేనైతే నేరుగా 1971 నాటి 'లా కెస్త్యోఁ' పెట్టమంటాను. పద్దెనిమిదేళ్లకే పేరు తెచ్చుకున్న మనిషి, తనను స్టార్‌ను చేసిన బాణీని పక్కన పెట్టేసి చేసిన ఆల్బమ్ ఇది. అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. పోనీండి.

ముందు షఫుల్ ఆపేయండి. మొత్తం పన్నెండు పాటలు, అరగంట పైచిలుకు. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు, సగం పాట గాలికి పోతుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, సౌండ్ ఓ మోస్తరుగా ఉంచండి.

మొదటిసారి లిరిక్స్ జోలికి పోకండి. గిటార్‌నే పట్టుకోండి. బ్రెజిల్ నుంచి వచ్చిన టూకా అనే ఆవిడ వాయించింది, ట్యూన్లలో ఎక్కువ భాగం ఆవిడవే. నైలాన్ తీగల మెత్తదనం, కింద డబుల్ బేస్, డ్రమ్స్ దాదాపు లేనట్టే. రెండోది టైటిల్ పాట. అక్కడ కాస్త ఆగి వినండి. ఆర్దీ గొంతు ఎక్కడా పెంచదు. మైక్‌కి ఎంత దగ్గరగా పాడిందంటే, లైనుకీ లైనుకీ మధ్య ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతుంది. వయొలిన్లు వెనక నుంచి మెల్లగా కమ్ముకొస్తాయి. అయినా ఆమె తొణకదు. నాకు ఈ ఆల్బమ్ పిచ్చి పట్టించింది ఆ నిబ్బరమే.

రెండోసారికి రెండు పాటల అర్థం చదువుకుంటే చాలు. టైటిల్ పాట, ఎంత దగ్గరైనా అంతుచిక్కని మనిషి గురించి. 'మెర్'లో, సముద్రం తనను వెనక్కి తీసుకుంటే బావుండునని కోరుకుంటుంది. రెండింటి మాటలూ ఆర్దీవే. మిగతావాటికి అర్థం వెతక్కపోయినా నష్టం లేదు. వానలో ఎదురుచూపుల పాట ఏదో మీరే పోల్చుకుంటారు.

'మెర్' అయ్యాక ఒక నిమిషం ఆపండి. ఎల్‌పీలో మొదటి వైపు అక్కడే అయిపోతుంది, రికార్డు తిరగేసేవాళ్లకు ఆ విరామం ఎలాగూ దొరికేది. మనమే కల్పించుకోవాలి. తర్వాత వచ్చే ఏడో పాట నా మటుకు నాకు ఈ ఆల్బమ్‌లో ఇమడలేదు, కాస్త ఊపు ఎక్కువ. అయినా దాటేయకండి. దాని వెంటనే వచ్చే 'ద్వా' చిట్టి పాట. ఈ ఊపు తర్వాత వింటేనే దాని నెమ్మది తెలుస్తుంది.

నచ్చితే తర్వాత 1972లో వచ్చిన 'ఎ సి జ మాఁ వే అవాఁ త్వా' వినండి. అందులో ట్యూన్లు కూడా ఎక్కువగా ఆర్దీవే. టూకా లేకపోతే ఆర్దీ పాట ఎలా ఉంటుందో తేల్చుకోవచ్చు. నా ఓటు మాత్రం ఇంకా 1971కే.