"మాదే అన్నిటికన్నా పాత చాప్టర్" అంటే నమ్మే ముందు ఇలా సరిచూసుకోండి

అమెరికాలో చదివే మన పిల్లలు రష్ సీజన్‌లో, అంటే విద్యార్థి సంఘాలు కొత్తవాళ్లను చేర్చుకునే రోజుల్లో, ఏ ఫ్రటర్నిటీ (గ్రీకు అక్షరాల పేరున్న మగపిల్లల సంఘం) ఇంటికి వెళ్లినా, ఏ సొరోరిటీ (అలాంటిదే ఆడపిల్లల సంఘం) వాళ్లతో మాట్లాడినా వినే మాట ఒకటుంది: "మాది చాలా పాత చాప్టర్, మొదలైనప్పటి నుంచి ఒక్క ఏడాది కూడా ఆగలేదు." చాప్టర్ అంటే ఆ సంఘానికి ఒక కాలేజీలో ఉండే శాఖ. మా అక్క కూతురు ఇదే మాట విని నాకు ఫోన్ చేసింది. "పిన్నీ, ఇది నిజమో కాదో ఎలా తెలుస్తుంది?" అంది. ఇద్దరం కలిసి వారం రోజులు వెతికాం. అప్పుడు నేర్చుకున్నది మీకూ పనికొస్తుందని రాస్తున్నా.

ముందు ప్రశ్న ఏమిటో తేల్చుకోండి. పాత సంస్థ వేరు, పాత చాప్టర్ వేరు, ఆగకుండా నడిచిన చాప్టర్ వేరు. గుడిలో అఖండ దీపం ఒకసారి కొండెక్కితే మళ్లీ వెలిగించవచ్చు, కానీ దాన్ని నూరేళ్లుగా ఆరని దీపం అనలేం కదా, ఇదీ అంతే. ఫై బీటా కప్పా అనే విద్యార్థి సంఘం 1776 డిసెంబర్ 5న వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో పుట్టింది, కానీ 1781లో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం దగ్గరకొచ్చేసరికి అక్కడ ఆగిపోయింది. అదే ఏడాది హార్వర్డ్‌లో మొదలైన శాఖ మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. పైగా ఫై బీటా కప్పా ఇప్పుడు మెరిట్ విద్యార్థుల సంఘం, కాబట్టి మామూలు ఫ్రటర్నిటీల లెక్కలో చాలామంది దాన్ని కలపరు. ఆ లెక్క న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కాలేజీ దగ్గర మొదలవుతుంది: 1825లో కప్పా ఆల్ఫా సొసైటీ, 1827లో సిగ్మా ఫై, అదే ఏడాది డెల్టా ఫై. వీటిలో ఇంకో కాలేజీలో శాఖ పెట్టిన మొదటిది సిగ్మా ఫై, 1831లో హామిల్టన్ కాలేజీలో.

ఆల్ఫా (గ్రీకులో మొదటి అక్షరం, సంఘం మొదటి శాఖకు మామూలుగా పెట్టే పేరు) చాప్టర్ అనగానే పాతది అదేనని రాసేసుకోకండి, అందరూ ఇక్కడే పొరపాటు పడతారు. ఒహాయోలోని మయామీ యూనివర్సిటీలో బీటా థీటా పై 1839లో, ఫై డెల్టా థీటా 1848లో, సిగ్మా కై 1855లో పుట్టాయి, కానీ 1873 నుంచి 1885 దాకా ఆ యూనివర్సిటీయే మూతపడింది. కాలేజీయే లేనప్పుడు చాప్టర్ ఎక్కడ నడుస్తుంది? పై బీటా ఫై 1867లో ఇల్లినాయ్‌లోని మన్మత్ కాలేజీలో పుట్టింది, కాలేజీ నిషేధం వల్ల 1884లో అక్కడ ఆగి మళ్లీ 1928లో వచ్చింది. జార్జియాలోని వెస్లియన్‌లో 1851లో, 1852లో పుట్టిన రెండు ఆడపిల్లల సంఘాలు ఈనాటి ఆల్ఫా డెల్టా పై, ఫై మ్యూ. 1914లో ఆ కాలేజీ సొరోరిటీలనే తీసేసింది. సంస్థలు బతికాయి, పుట్టిల్లు మాత్రం మిగల్లేదు.

అందుకే స్థాపన తేదీ చూశాక వెంటనే వెతకాల్సింది మధ్యలో ఖాళీలు. అమెరికా అంతర్యుద్ధం (1861–65) నాటికి దక్షిణాదిలో ఉన్న చాప్టర్ అయితే ఆ నాలుగేళ్లూ గట్టిగా అనుమానించండి. సిగ్మా ఆల్ఫా ఎప్సిలాన్ అలబామాలో పుట్టినా, యుద్ధం అయ్యేసరికి మిగిలింది వాషింగ్టన్‌లోని కొలంబియన్ కాలేజీ చాప్టర్ ఒక్కటే. తర్వాత రెండు ప్రపంచ యుద్ధాల కాలం, కాలేజీ నిషేధాలు, సస్పెన్షన్లు చూడండి.

ఎక్కడ చూడాలంటే, 1879 నుంచి వచ్చిన, ఫ్రటర్నిటీల వివరాల పుస్తకమైన బెయిర్డ్ మాన్యువల్‌లో చాప్టర్ల పక్కన మొదలైన, ఆగిన సంవత్సరాలు ఉంటాయి. అక్కడ మొదలుపెట్టండి కానీ అక్కడే ఆగకండి. తర్వాత చాప్టర్ ఇంట్లోనే కాంపోజిట్లు చూడండి. గోడకు తగిలించిన పెద్ద ఫ్రేములు, ఒక్కొక్కరి కోలగా కత్తిరించిన ఫొటో వరసగా, కింద పేరు, పైన గ్రీకు అక్షరాలు, సంవత్సరం. మా పిల్ల నడవాలో ఒక్కో ఫ్రేమ్‌నీ ఫోన్‌లో ఫొటో తీసి పంపింది, నేను సంవత్సరాలు వరసగా కాగితం మీద రాసుకుంటూ పోతే 1930లలో నాలుగేళ్లు దొరకలేదు. ఫ్రేములు పోయి ఉండొచ్చని కాలేజీ లైబ్రరీ ఆర్కైవ్స్‌లో ఇయర్‌బుక్‌లు (విద్యార్థుల ఫొటోలతో ఏటా వేసే పుస్తకాలు) తెరిచాం, అక్కడా ఆ నాలుగేళ్లు చాప్టర్ పేరే లేదు. ఇయర్‌బుక్‌తో ఒక జాగ్రత్త: పాత కాలంలో చాలా చోట్ల జూనియర్లు తమ గ్రాడ్యుయేషన్ సంవత్సరం వేసి అచ్చు వేసేవాళ్లు, కాబట్టి అట్ట మీద 1912 అని ఉన్నా లోపల ఉన్నది 1910–11 సంగతులు కావచ్చు. దీనివల్ల లేని ఖాళీ కనిపిస్తుంది, ఉన్న ఖాళీ మాయమవుతుంది. ఇవి కాక చాప్టర్‌లో చేరినవాళ్లు సంతకం చేసే రోల్ బుక్ ఉంటుంది. బయటివాళ్లకు చూపించకపోవచ్చు, అందులో రహస్యాలేమీ అడక్కండి, "ఫలానా ఏడాదిలో కొత్తవాళ్లు ఎంతమంది చేరారు" అని మాత్రం అడగండి.

ఖాళీ దొరికితే దాన్ని ఎలా లెక్కించాలి? నా పద్ధతి ఇది. యుద్ధంలో ముగ్గురే మిగిలినా కొత్తవాళ్లను చేర్చుకుంటూ ఉంటే నడిచినట్టే. కాలేజీ తెరిచే ఉండి, ఏడాదంతా ఒక్కరినీ చేర్చుకోకపోతే ఆగినట్టే, పాత చార్టర్‌తోనే (చాప్టర్ నడపడానికి సంస్థ ఇచ్చే అనుమతి పత్రం) మళ్లీ తెరిచినా సరే. నిషేధం ఉన్నా చాటుగా నడిపామంటే ఆ ఏళ్ల సంతకాలు చూపించమనండి. రెండు చాప్టర్లు కలిసిపోయిన చోట దేని తేదీ తీసుకున్నారో అడగండి. కెంటకీలోని సెంటర్ కాలేజీలో ఫై డెల్టా థీటా చాప్టర్ పేరే ఆల్ఫా-డెల్టా, రెండు కాలేజీలు కలిసినప్పుడు వాటి చాప్టర్లు కలవడం వల్ల వచ్చిన పేరు అది.

ఆడపిల్లల సంఘాల కోసం సొరోరిటీ అనే మాటతోనే వెతక్కండి. ఆ మాట తర్వాతెప్పుడో గామా ఫై బీటా అనే ఆడపిల్లల సంఘం కోసం పుట్టింది, అంతకు ముందువి ఫ్రటర్నిటీలుగానే రాసుకున్నాయి.

మన పిల్లలు ఎక్కువగా చేరే దక్షిణాసియా సంఘాల్లో డెల్టా ఎప్సిలాన్ సై, కప్పా ఫై గామా రెండూ 1998లో ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో మొదలయ్యాయి, వాటి లెక్క ఇప్పుడే సరిగా పెట్టుకోవచ్చు. మీ పిల్లలు అలాంటి చాప్టర్‌లో సెక్రటరీ అయితే ఏటా చేరినవాళ్ల జాబితా తేదీతో సహా ఒక కాపీ కాలేజీ ఆర్కైవ్స్‌కి ఇమ్మనండి, వాళ్లు సంతోషంగా తీసుకుంటారు. మా పిల్ల తను కనుక్కున్నది ఆ చాప్టర్ వాళ్లకే ఇచ్చింది, స్థాపించిన ఏడాది, ఆగిన ఏడాది, మళ్లీ మొదలైన ఏడాది, మూడూ ఒకే కాగితం మీద రాసి.