పెంపుడు పిట్ట ఈకలు పీక్కుంటుంటే ఏం చేయాలి

బడ్జీ గానీ కాకటీల్ గానీ (ఇళ్లల్లో పెంచే చిన్న చిలుక జాతి పిట్టలు) ఒంటి మీద ఈకలు పోయి చర్మం కనబడుతోందంటే ముందు దాని తల చూడండి. తన ముక్కు తన తలకు అందదు కాబట్టి తల నిండుగా ఉండి రొమ్ము, రెక్కల కింద, కాళ్ల దగ్గర బోసిగా ఉంటే అది తనే పీక్కుంటోంది. తల కూడా బోడి అయిందంటే జోడీ పిట్ట పీకుతుండొచ్చు, లేదా జబ్బు కావచ్చు, అందుకే రెండు పిట్టలనూ వెంటనే వేరే పంజరాల్లో పెట్టండి. తర్వాత అడుగున పడ్డ ఈక ఒకటి తీసి వెలుగులో చూడండి. సహజంగా రాలిన ఈక మొదలు నుంచి కొస దాకా చెక్కుచెదరకుండా ఉంటుంది, కొరికిన ఈక మధ్యలో నలిగి, కొస పీచులు పీచులుగా ఉంటుంది.

ఈ దశలో చాలామంది కొబ్బరినూనె, పసుపు, వేపనూనె పూసేస్తారు. దయచేసి పూయకండి. నూనె అంటిన ఈకలు ఒంటికి వెచ్చదనం ఇవ్వలేవు, పైగా పిట్ట ఆ నూనెను ముక్కుతో లాగి మింగుతుంది, ఇంకా ఎక్కువ పీక్కుంటుంది. షాపువాళ్లు ఇచ్చే పేల మందు కూడా డాక్టరు చెప్పకుండా కొట్టొద్దు, ఇళ్లల్లో పెరిగే చిలుక జాతి పిట్టలు ఈకలు పీక్కోవడానికి పేలే కారణం కావడం తక్కువ.

అనంతపురం వైపు నేనైతే ముందు గాలినీ తిండినీ అనుమానిస్తాను. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో మనదొకటి, ఈ పొడిగాలికి చర్మం ఎండి దురద పుడుతుంది. రోజూ పొద్దున మామూలు నీళ్లు స్ప్రే బాటిల్‌తో సన్నటి తుంపరలా కొట్టండి, లేదంటే కొత్తిమీర కట్ట బాగా కడిగి తడితడిగా పంజరంలో వేలాడదీయండి, బడ్జీలు ఆ ఆకుల్లో దూరి ఒళ్లు రుద్దుకుంటూ స్నానం చేస్తాయి, చూడటానికే ఎంత బాగుంటుందో! సాయంత్రం మాత్రం తడపొద్దు.

ఇక తిండి. ఉత్త గింజల మీదే బతికే పిట్టకు విటమిన్ ఎ అందదు, చర్మం పాడవుతుంది. మునగాకు, క్యారెట్ తురుము, ఉడికించిన గెణుసుగడ్డ కొద్దికొద్దిగా అలవాటు చేయండి. గింజలు ఒక్కసారిగా మానిపించొద్దు, తెలియని తిండి ముట్టక పస్తులుంటాయి. ఇంట్లో శెనక్కాయలు ఉన్నాయి కదా అని వేసేవాళ్లు బూజు సంగతి చూసుకోండి, బూజు పట్టిన కాయల్లో ఉండే అఫ్లాటాక్సిన్ అనే విషం లివర్‌ను దెబ్బతీస్తుంది, లివర్ జబ్బున్న పిట్టలూ ఈకలు పీక్కుంటాయి.

పని లేకపోవడం ఇంకో పెద్ద కారణం. అడవిలో రోజంతా తిండి వెతుక్కునే జాతి అది, మనం గిన్నెలో పోస్తే పది నిమిషాల్లో తినేసి మిగతా పూటంతా ఏం చేయాలి? మన చేలల్లో దొరికే కొర్ర కంకులు వేలాడదీయండి, మందు కొట్టని వేప కొమ్మలు, మొక్కజొన్న పొట్టు ఇవ్వండి, ముక్కుకు పని దొరుకుతుంది. రాత్రి 10 నుంచి 12 గంటలు నిద్ర కావాలి, టీవీ మోగే హాల్లో పంజరం ఉంటే అది కుదరదు. అగరబత్తి, సిగరెట్ పొగ అసలు తగలనివ్వొద్దు. పీక్కుంటుంటే అరవకండి, మీరు పరిగెత్తుకొస్తున్నారని దానికే అలవాటు పడుతుంది.

చర్మం మీద పుండు, రక్తం, నీరసం, రెట్టలో తేడా కనబడితే మాత్రం ఇంటి ప్రయోగాలు ఆపి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. కడప జిల్లావాళ్లకు ప్రొద్దుటూరులో వెటర్నరీ కాలేజీ ఉంది. ఆ రోజు రెట్ట, రాలిన ఈకలు, పంజరం ఫోటో పట్టుకెళ్లండి, జింక్ పూత ఊడే తీగలు కొరికినా ఈ సమస్య రావొచ్చు.

ఏళ్ల తరబడి పీక్కున్న చోట ఈక కుదురు చచ్చిపోయి మళ్లీ మొలవకపోవచ్చు. అయినా ఆ పిట్ట హాయిగా బతుకుతుంది, డిసెంబరు, జనవరి రాత్రుల్లో పంజరాన్ని వరండాలో వదలకుండా లోపలి గదిలో పెట్టుకోండి, చాలు.