డబుల్ యాక్షన్ రివాల్వర్ ట్రిగ్గర్ బరువుగా, గరుగ్గా ఉందా? స్ప్రింగు మార్చేముందు ఇవి చూడండి

మొట్టమొదట సిలిండర్ తెరిచి ఛాంబర్లన్నీ ఖాళీయేనా అని కళ్ళతో చూడండి, వేలితో తడిమి కూడా చూడండి, తూటాలు వేరే గదిలో పెట్టేయండి, ఆ తర్వాతే మిగతా పని.

డబుల్ యాక్షన్‌లో ఒకే లాగుడుతో హ్యామర్ (తూటా పేలేలా దెబ్బ కొట్టే భాగం) వెనక్కి పోవాలి, సిలిండర్ తిరగాలి, చివర్లో హ్యామర్ పడాలి, అందుకే 10-12 పౌండ్ల బరువు మామూలే. గురి చెడగొట్టేది ఎక్కువగా ఆ బరువు కాదండీ, మధ్యలో తగిలే గరుకు. స్ప్రింగు మార్చడం చివరి పనిగా పెట్టుకోండి.

సమస్య: లాగుతుంటే ఇసుక నలిగినట్టు గరగరమంటోంది
లోపల పాత ఆయిల్ జిగురుగా మారి మసి పట్టి ఉంటుంది, కొత్తదైతే పార్టుల మీద మెషీన్ గీతలు ఇంకా అరగలేదన్నమాట. సైడ్ ప్లేట్ (లోపలి పార్టుల్ని పక్కనుంచి మూసే మూత) ఉన్న మోడల్ అయితే స్క్రూ గాడిలో సరిగ్గా పట్టే బిట్‌తో స్క్రూలు తీయండి, ప్లేట్ సందులో మాత్రం ఏదీ దూర్చి ఎత్తొద్దు, అంచు వంగితే ఇక సరిగ్గా కూర్చోదు, గ్రిప్ ఫ్రేమ్ మీద ప్లాస్టిక్ సుత్తితో మెల్లగా తడితే దానంతటదే లేస్తుంది. శుభ్రం చేసి పిన్నుల దగ్గర ఒక్కో చుక్క ఆయిల్ చాలు, ఎక్కువ పోస్తే మళ్ళీ మసి పట్టేస్తుంది. తర్వాత స్నాప్ క్యాప్స్ (ఉత్తుత్తి తూటాలు) పెట్టి రోజూ కాసేపు డ్రై ఫైర్ చేయండి, అంటే నిజం తూటా లేకుండా ట్రిగ్గర్ లాగండి, పార్టులు ఒకదానికొకటి అలవాటు పడతాయి, మీ వేలు కూడా. 22 రిమ్‌ఫైర్‌ని (తూటా అడుగు అంచు మీద దెబ్బ పడి పేలే రకం) మాత్రం ఉత్తినే పేల్చొద్దు, ఫైరింగ్ పిన్ ఛాంబర్ అంచుకి కొట్టుకునే ప్రమాదం ఉంది.

సమస్య: కొన్ని ఛాంబర్ల దగ్గరే బిగుసుకుంటోంది
ఇది ట్రిగ్గర్ తప్పు కాదు, సిలిండర్‌ది. ఎక్స్‌ట్రాక్టర్ స్టార్ (ఖాళీ కేసుల్ని బయటికి నెట్టే నక్షత్రం ఆకారపు భాగం) కింద కాలని పౌడర్ రవ్వ ఒక్కటి ఇరుక్కున్నా చాలు, బ్రష్‌తో దులిపేయండి. అయినా పోలేదంటే ఎక్స్‌ట్రాక్టర్ రాడ్ (ఆ స్టార్‌ని నెట్టే కడ్డీ) వదులైందేమో, వంగిందేమో చూడండి. బిగించేటప్పుడు ఛాంబర్లలో పేలిన ఖాళీ కేసులు పెట్టుకుంటే స్టార్ పాడవదు, ఇప్పటి స్మిత్ అండ్ వెస్సన్ రాడ్లకి ఎడమ మర ఉంటుంది కాబట్టి మామూలు వైపు తిప్పితే ఇంకా ఊడుతుంది.

సమస్య: ట్రిగ్గర్ తేలికైంది కానీ తూటా పేలట్లేదు
మెయిన్‌స్ప్రింగ్ (హ్యామర్‌ని ముందుకి నెట్టే స్ప్రింగు) బలం తగ్గి ప్రైమర్‌కి (తూటా అడుగున దెబ్బకి అంటుకునే భాగం) దెబ్బ చాలట్లేదు. కొన్ని మోడళ్ళలో గ్రిప్ ముందువైపు ఆ స్ప్రింగుని బిగించి ఉంచే స్ట్రెయిన్ స్క్రూ ఉంటుంది, దాన్ని వదులు చేసి బరువు తగ్గించే అలవాటు మానేయండి, పూర్తిగా బిగించండి. తేలిక స్ప్రింగు వేసుంటే పాతదే పెట్టేయండి, ఆత్మరక్షణకి ఉంచుకున్నదైతే ఇందులో రెండో ఆలోచనే వద్దు.

సమస్య: వేలు వదిలినా ట్రిగ్గర్ ముందుకి రావట్లేదు
లోపల మురికి ఉండొచ్చు, లేదా ట్రిగ్గర్‌ని ముందుకి తెచ్చే రిటర్న్ స్ప్రింగుని ఎవరో కత్తిరించి ఉంటారు. కత్తిరించిన స్ప్రింగుకి రిపేర్ లేదు, కొత్తది వేయాల్సిందే.

సింగిల్ యాక్షన్ నాచ్ (ఎక్కుపెట్టిన హ్యామర్‌ని ఆపి ఉంచే గాడి) జోలికి ఆకురాయితో అస్సలు వెళ్ళొద్దు, చాలా రివాల్వర్లలో గట్టి పొర పైపైనే ఉంటుంది, అది పోతే హ్యామర్ నిలవదు. తిరిగి బిగించాక ఖాళీ రివాల్వర్‌ హ్యామర్ ఎక్కుపెట్టి, ట్రిగ్గర్ ముట్టుకోకుండా బొటనవేలితో వెనకనుంచి నెట్టి చూడండి. అది పడిందంటే తూటా పెట్టకుండా నేరుగా గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్ళండి.