ఘానాలో హెంప్ (మత్తు చాలా తక్కువగా ఉండే గంజాయి రకం) సాగులో డబ్బు పెట్టే ముందు జాగ్రత్తలు

- పాత వార్తలు చూసి దిగకండి. 2020 నార్కోటిక్స్ కంట్రోల్ కమిషన్ చట్టంలోని 43వ సెక్షన్ హెంప్ లైసెన్సులకు దారి తెరిచింది, కానీ పార్లమెంటులో చర్చే లేకుండా దాన్ని చేర్చారని 2022 జూలైలో అక్కడి సుప్రీంకోర్టు 4-3 మెజారిటీతో కొట్టేసింది, మళ్లీ 2023లో సవరణ చట్టం వచ్చాకే లైసెన్సు ఇచ్చే అధికారం అంతర్గత వ్యవహారాల మంత్రికి తిరిగి దక్కింది. ఎవరైనా కాగితం చూపిస్తే ముందు అది ఏ ఏడాదిదో చూడండి.

- లైసెన్సు చేతికి రాకుండా ఒక్క గింజ కూడా నాటొద్దు. "అప్లై చేశాం, వచ్చేస్తుంది" అనే మాట నమ్మి భూమి కౌలుకు తీసుకోవద్దు.

- అసలు టెన్షన్ టీహెచ్‌సీతోనే, అంటే గంజాయిలో మత్తెక్కించే పదార్థంతో. ఎండు బరువులో అది 0.3 శాతం దాటకూడదు. పూత ముదిరేకొద్దీ పెరుగుతుంది కాబట్టి కోత ఆలస్యమైతే మంచి విత్తనం వేసినా పరిమితి దాటిపోవచ్చు. అందుకే విత్తనం ఎక్కడిదో రాతపూర్వకంగా తీసుకోండి, కోతకు ముందే ల్యాబ్‌లో పరీక్ష చేయించండి.

- అనుమతి నార, గింజ, మందుల కోసమే. సరదాకి గంజాయి తాగడం అక్కడ ఇప్పటికీ నేరమే, పనివాళ్లకు కూడా ఇది ముందే గట్టిగా చెప్పండి.

- శాంపిల్ అని బ్యాగులో వేసుకుని హైదరాబాద్‌లో దిగొద్దు, దయచేసి. ఇక్కడ మత్తుపదార్థాలను అడ్డుకునే ఎన్‌డీపీఎస్ చట్టం ఉంది, ఘానా లైసెన్సు చెల్లదు.