ఐస్ హాకీలో సూటిగా గోల్ కొట్టడం ఎలా?

బెంగళూరులో ఇన్‌లైన్ స్కేట్స్ (ఒకే వరసలో చక్రాలుండేవి) మీద హాకీ నేర్చుకుని, చలికాలంలో లేహ్ వెళ్లి మంచు మీద ఆడేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మారతహళ్లి వైపు మాతో ఆడే తెలుగు కుర్రాళ్లకు స్కేటింగ్ బాగా వచ్చు. గోల్ దగ్గరే ఆట చెడగొట్టుకుంటారు. ఒక డిఫెండర్‌ను తప్పించగానే షాట్ కొట్టరు, రెండోవాణ్ణి కూడా తప్పించాలని చూసి పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) పోగొట్టుకుంటారు. వారం వారం ఇదే తంతు.

సామాన్లు: ముఖమంతా కప్పే కేజ్ ఉన్న హెల్మెట్, గ్లవ్స్, ప్యాడ్స్, మౌత్ గార్డ్. స్కేట్స్ వేసుకుని నిలబడితే స్టిక్ గడ్డం దాకా రావాలి. బ్లేడుకు నల్ల టేపే చుట్టండి. తెల్ల టేపు మీద నల్ల పక్ గోలీకి, అంటే గోల్ కీపర్‌కు, ఇట్టే కనిపిస్తుంది.

1. ప్రత్యర్థి గోల్ వైపున్న నీలి గీత, అంటే బ్లూ లైన్ దాటండి. పక్ కన్నా ముందు మీవాళ్లెవరూ లోపలికి పోకూడదు, పోతే ఆఫ్‌సైడ్. దారి మూసుకుపోతే బోర్డుకు (రింకు చుట్టూ ఉండే గోడకు) తగిలేలా పక్‌ను మూలకు తోసి వెంటపడండి. అయితే మధ్య ఎర్రగీత దాటాకే తోయాలి, లేకపోతే ఐసింగ్ (మీ సగం నుంచే పక్‌ను అవతలి చివరకు కొట్టిన తప్పు) ఇస్తారు.

2. స్టిక్ వెనక్కి ఎత్తకుండా మణికట్టుతో విసిరే రిస్ట్ షాట్ కొట్టండి, కింద నుంచే. స్టిక్ ఎత్తి బలంగా బాదే స్లాప్ షాట్‌కు స్టిక్ పైకెత్తేలోపు గోలీ సర్దుకుంటాడు. గోల్ వెడల్పు 6 అడుగులు, ఎత్తు 4 అడుగులే. గురి మాత్రం గోలీ అవతలి కాలి ప్యాడ్ మీద పెట్టండి. ఆపినా పక్ ప్యాడ్‌కు తగిలి మళ్లీ ముందుకే వస్తుంది.

3. అలా తగిలి వెనక్కి వచ్చే పక్‌ను, అంటే రీబౌండ్‌ను అందుకోండి. అందరూ పాడుచేసేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

షాట్ కొట్టినవాడు పక్కకు తిరిగి వెళ్లిపోకూడదు, నేరుగా నెట్ మీదికే రావాలి. ఇంకొకడు అప్పటికే గోలీ చూపుకు అడ్డంగా, క్రీజ్‌కు (గోల్ ముందు గోలీ కోసం గీసిన నీలి భాగానికి) ఒక అడుగు బయట ఆగి ఉండాలి. ఆగి ఉండాలి అంటున్నాను, జారుకుంటూ దాటిపోవడం కాదు. మోకాళ్లు వంచి బరువు కిందికి దించండి, డిఫెండర్ వెనక నుంచి తోస్తూనే ఉంటాడు. స్టిక్ బ్లేడు మంచును అంటుకునే ఉండాలి. నడుము దగ్గర పట్టుకున్న స్టిక్ కిందికి వచ్చేలోపు పక్ వెళ్లిపోతుంది.

షాట్ కొట్టేవాడికి వీపు చూపించకండి. వీపు మీద, పిక్కల వెనక ప్యాడింగ్ తక్కువ. పక్ అంటే దాదాపు 170 గ్రాముల గట్టి రబ్బరు, ఎగరకుండా ముందే గడ్డకట్టించి తెస్తారు. భయపడి తల కిందికి దించడం ఇంకా ప్రమాదం, మెడ బయటపడుతుంది.

గోలీని తాకకండి, అడ్డుకున్నారని గోల్ రద్దు చేస్తారు. కాలితో తన్నినా, క్రాస్‌బార్ కన్నా పైనుంచి స్టిక్‌తో కొట్టినా లెక్కలోకి రాదు. పక్ బయటికి వచ్చాక దాన్ని ఆపి సర్దుకోవద్దు. గోలీ కింద పడి ఉంటాడు, ఒక్క తాకుతో అతని ప్యాడ్ మీదుగా లేపండి. గోలీ గ్లవ్‌తో పక్‌ను కప్పేస్తే వెంటనే ఆగిపోండి. ఆ గ్లవ్‌ను స్టిక్‌తో పొడవడం నాకు అస్సలు నచ్చదు, గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి.

ఇలాంటి గోల్స్‌లో అందం లేదనేవాళ్లకు ఫిల్ ఎస్పోసిటో పేరు చెబుతాను. ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో బోస్టన్ బ్రూయిన్స్ జట్టు తరఫున 1970-71 సీజన్‌లో 76 గోల్స్ కొట్టాడు. గోల్ ఎదుట, స్లాట్‌లో పాతుకుపోవడమే ఆయన బలం. వీడియోల్లో చూసిన ట్రిక్కులు ఖాళీ రింకులో బాగుంటాయి. మూడో పీరియడ్‌లో కాళ్లు బరువెక్కాక ఇదే పనిచేస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఇన్‌లైన్‌లో వెనక కాలు అడ్డంగా ఈడ్చి ఆగడం అలవాటైనవాళ్లు మంచు మీద గోలీ మీదికే దూసుకుపోతారు. మంచు మీద రెండు స్కేట్స్‌నూ పక్కకు తిప్పి, అంచులతో గీకుతూ ఆగాలి. లేహ్ చేరాక మొదటి సెషన్‌లో స్టిక్ పక్కన పెట్టి ఇదొక్కటే చేయండి, ఎడమ వైపూ కుడి వైపూ.