పొద్దున్నే డిస్‌ప్లే రాని డెస్క్‌టాప్: విశాఖలో ముసురు పట్టకముందే చూసుకోవాల్సినవి

పెదవాల్తేరులో మా వీధి చివర ఒక రిటైర్డ్ మాస్టారు ఉంటారు. రాత్రిపూట వాళ్ల మేడ మీద నిలబడితే సముద్రం హోరు వినిపిస్తుంది. కిందటేడు ఆగస్టులో ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశారు.

"బాబూ, రాత్రి కంప్యూటర్ శుభ్రంగానే కట్టేశాను. పొద్దున్న ఆన్ చేస్తే ఫ్యాను తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. మూడోసారి నొక్కితే వచ్చిందిలే."

"మాస్టారూ, ఇప్పుడు దాన్ని కట్టేయకండి. నేనొచ్చేదాకా అలాగే ఉంచండి" అన్నాను.

మూడోసారికి వచ్చిందిలే అని సరిపెట్టుకోవడమే ఇక్కడ అసలు ప్రమాదం. వారం పోయాక అది అయిదోసారికి వస్తుంది. ఇంకో నెలకి ముసురు పట్టిన ఒక పొద్దున్న అసలు రాదు. అదే రోజు పిల్లాడి అప్లికేషన్‌కి ఆఖరి తేదీ అవుతుంది, లేదా జీఎస్టీ రిటర్ను గడువు అవుతుంది. అందుకే మొదటి జాగ్రత్త స్క్రూడ్రైవర్‌తో పనిలేనిది. మొండికేసిన కంప్యూటర్ ఏదోలా లేచిన రోజున, దాన్ని ఆపకుండా, ముఖ్యమైన ఫైళ్లన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో కాపీ చేసేయండి. రిపేరు సంగతి ఆ తర్వాత. డిస్‌ప్లే రానంత మాత్రాన డిస్క్‌లో ఉన్నవి పోవు, నిజమే. కానీ ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించే డబ్బా) కరెంటు సరిగా ఇవ్వకపోవడం వల్ల ఈ జబ్బు వచ్చి ఉంటే, అది డిస్క్‌ని కూడా పాడుచేయగలదు.

మన ఊళ్లోనే ఇది ఎందుకింత ఎక్కువ

బీచ్ రోడ్డు, లాసన్స్ బే కాలనీ, జోడుగుళ్లపాలెం వైపు ఇళ్ల కిటికీ ఊచలు చూడండి. రంగు వేసిన రెండేళ్లకే పెచ్చులు లేచి తుప్పు కనిపిస్తుంది. కేబినెట్ లోపలికీ వెళ్లేది ఆ గాలే. ఫ్యాను ఆ గాలిని రోజంతా లోపలికి లాగుతుంది. గాలితో వచ్చిన ఉప్పు దుమ్ముతో కలిసి మదర్‌బోర్డు (లోపలి భాగాలన్నీ అమర్చే పెద్ద బోర్డు) మీద పలచటి పొరగా కూర్చుంటుంది. పొడిగా ఉన్నంతసేపు దాంతో పెద్ద నష్టం లేదు. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే మామూలు ఉప్పు తనంతట తానే నీటిని పీల్చుకుని కరగడం మొదలుపెడుతుంది. వానాకాలం వంటింట్లో ఉప్పు డబ్బా చెమ్మగిల్లడం రోజూ చూస్తూనే ఉంటాం కదా. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, దానికి అంత తేమ కూడా అక్కర్లేదు. మన ఊళ్లో వానాకాలం ఉదయాలు 75 దాటడం మామూలే. రాత్రంతా ఆఫ్‌లో ఉన్న కంప్యూటర్‌కి సొంత వేడి ఉండదు కాబట్టి, ఆ చెమ్మంతా ర్యామ్ (బోర్డులో గుచ్చే మెమరీ పట్టీ) కాళ్ల మీద, అది కూర్చునే స్లాట్ల మీద నిలుస్తుంది. చాపకింద నీరులా చిలుము పాకుతుంది.

ఏసీ గది ఉన్నవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. వానాకాలంలో విశాఖ గాలిని 25 డిగ్రీల దగ్గరికి చల్లబరిస్తే చాలు, అందులోని తేమ నీళ్లుగా మారుతుంది. రాత్రి ఏసీ 20లో నడిచింది, తెల్లవారుజామున కరెంటు పోయింది, ఉక్కపోస్తోందని కిటికీ తెరిచారు అనుకోండి. చల్లటి ఇనప కేబినెట్ మీద, లోపల ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ మీద, ఐస్ నీళ్ల గ్లాసుకి పట్టినట్టు చెమ్మ పడుతుంది. అలాంటి పొద్దున్న కరెంటు రాగానే బటన్ నొక్కకండి. గంటా రెండు గంటలు ఫ్యాను గాలి తగలనిచ్చి, కేబినెట్ ముట్టుకుంటే చల్లగా లేదనిపించాకే ఆన్ చేయండి.

చల్లగా ఉంటే రాదు, వేడెక్కితే వస్తుంది

దీనికి చెమ్మ ఒక్కటే కారణం కాదు. ఎస్ఎంపీఎస్‌లో కరెంటుని నిలవ ఉంచే కెపాసిటర్లు అనే భాగాల్లో ద్రవం ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ అది ఎండుతుంది. ఎండిన కెపాసిటర్ చల్లగా ఉన్నప్పుడు పని సరిగా చేయదు, కాస్త వేడెక్కితే కొంత తేరుకుంటుంది. రెండు మూడుసార్లు ఆన్, ఆఫ్ చేస్తే వచ్చేది చాలాసార్లు అందుకే. ఆ రెండు మూడు ప్రయత్నాల్లో మీరు చేసిందల్లా దాన్ని వెచ్చబెట్టడమే. పొద్దున్న మొండికేసి, మధ్యాహ్నం రీస్టార్ట్ ఇచ్చినప్పుడు మాత్రం ఏ పేచీ లేకుండా వస్తుంటే, ఎస్ఎంపీఎస్ మీద అనుమానం బలపడుతుంది. అయిదారేళ్లు దాటిన చవక ఎస్ఎంపీఎస్ అయితే ఇక పెద్దగా వెతకక్కర్లేదు, వానలకు ముందే మార్చేయడం మంచిది.

కేబినెట్ విప్పే ముందు కళ్లతో, చెవులతో చూడాల్సినవి ఉన్నాయి. కీబోర్డు మీద నమ్ లాక్ నొక్కండి. దాని దీపం వెలిగి ఆరుతుంటే కంప్యూటర్ లేచినట్టే, బొమ్మ మాత్రమే రావడం లేదు. అప్పుడు మానిటర్, కేబుల్ చూడాలి. మానిటర్ ఇన్‌పుట్ హెచ్‌డీఎంఐకే ఉందా, కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకి (తెరకి బొమ్మ పంపే విడి కార్డుకి) పెట్టారా లేక పొరపాటున మదర్‌బోర్డు పోర్టుకి పెట్టారా అని. పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లకి సొంత గ్రాఫిక్స్ ఉండవు, వాటితో మదర్‌బోర్డు పోర్టులోంచి బొమ్మ ఎన్నటికీ రాదు. నమ్ లాక్ దీపం కదలకపోతే రోగం ఇంకా లోపల ఉంది.

మరో గుర్తు. మదర్‌బోర్డు కంపెనీ లోగో కనిపించి ఆ తర్వాత తెర నల్లబడితే అది హార్డ్‌వేర్ కన్నా విండోస్ తగాదా అయ్యే అవకాశం ఎక్కువ. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఉంది. దానివల్ల షట్‌డౌన్ చేసినా కంప్యూటర్ పూర్తిగా కొత్తగా మొదలవదు, పాత స్థితిలో కొంత దాచుకుని అక్కణ్ణుంచి లేస్తుంది. రీస్టార్ట్‌లో మాత్రం అంతా మొదటినుంచీ జరుగుతుంది. షట్‌డౌన్ తర్వాతే సమస్య, రీస్టార్ట్‌తో లేదు, లోగో మాత్రం కనబడుతోంది అంటే పవర్ ఆప్షన్స్‌లో ఆ ఫాస్ట్ స్టార్టప్ తీసేసి నాలుగు రోజులు చూడండి. అసలు లోగో కూడా రాకపోతే విండోస్‌ని తిట్టుకుని లాభం లేదు, ఫార్మాట్ కొట్టించడం శుద్ధ దండగ.

కొత్త బోర్డులైతే ఒక మూల నాలుగు చిన్న దీపాలుంటాయి: సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (విండోస్ ఉన్న డిస్క్). ఏ దీపం దగ్గర ఆగిపోయిందో ఫోన్‌తో ఫొటో తీసిపెట్టుకోండి. డీడీఆర్5 అనే కొత్త తరం ర్యామ్ ఉన్నవాళ్లు ఇంకొంచెం ఓపిక పట్టాలి. ర్యామ్ మార్చాక, బోర్డు మీది చిన్న బ్యాటరీ తీసిపెట్టాక, మొదటిసారి బోర్డు ర్యామ్‌ని సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. కంగారుపడి మధ్యలో కట్టేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

ర్యామ్ శుభ్రం చేయడం, ఇది తీరిగ్గా చేయాల్సిన పని

నేను చూసిన వాటిలో సముద్రం పక్క ఇళ్లలో ఎక్కువసార్లు పట్టుబడిన దొంగ ఇదే. అందుకే సెప్టెంబరు దాటకుండా, ఎండ కాసిన ఒక ఆదివారం చేసి పెట్టుకోండి. ముసురులో కేబినెట్ తెరిచి కూర్చోవద్దు.

ముందు షట్‌డౌన్ చేసి, గోడ స్విచ్ ఆపి, ప్లగ్ పీకేయండి. తర్వాత పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు చాలావరకు దిగిపోతుంది. తీసే ముందు ఫొటో తీయండి. ఏ స్లాట్‌లో ఏది ఉందో, ఏ వైరు ఎక్కడుందో తర్వాత అదే చెబుతుంది. కేబినెట్ ఇనుముని ఒకసారి ముట్టుకుని, స్లాట్ చివర్ల క్లిప్పులు విప్పి, ర్యామ్‌ని అంచులతో పట్టుకుని పైకి తీయండి. కింద బంగారు రంగు కాళ్లు తళతళలాడాలి. మచ్చలో, మసకో, పచ్చటి చుక్కలో కనిపిస్తే అది మన గాలి చేసిన పనే.

పెన్సిల్ రబ్బరుతో రుద్దడం మన దగ్గర అందరికీ తెలిసిన చిట్కా. పనిచేస్తుంది, కాదనను. కానీ ఆ బంగారు పూత చాలా పలచన. దాని కింద నికెల్, ఆ కింద రాగి ఉంటాయి. ప్రతి ఏడూ గట్టిగా రుద్దితే పూత గీరుకుపోయి, రాగి బయటపడి, చిలుము ఇంకా తొందరగా పడుతుంది. ఎలక్ట్రానిక్స్ సామాన్ల దుకాణంలో 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరుకుతుంది. మెత్తటి గుడ్డని దాంతో కాస్త తడిపి తుడవండి. మొండి మచ్చ ఉంటేనే తెల్లటి మెత్తని రబ్బరుతో ఒకటి రెండుసార్లు తేలిగ్గా రుద్ది, పొడి రాలిపోయేలా దులిపి, మళ్లీ ఆల్కహాల్‌తో తుడవండి. చేతులకి రాసుకునే శానిటైజర్ వాడొద్దు. అందులో గ్లిజరిన్ లాంటివి కలుపుతారు, జిగురు మిగిలిపోతుంది. కొబ్బరినూనె రాసినవాళ్లని కూడా చూశాను, దయచేసి ఆ పని చేయకండి.

స్లాట్‌లోకి గుడ్డలూ పుల్లలూ దూర్చకుండా బ్లోయర్‌తో దుమ్ము ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే గిరగిరా తిరిగి బేరింగు పాడవుతుంది. ర్యామ్ తిరిగి పెట్టేటప్పుడు రెండు చివర్లా క్లిక్ మని వినబడేదాకా సమంగా నొక్కండి. రెండు ర్యామ్‌లుంటే మొదట ఒక్కదానితో ఆన్ చేసి చూడండి, తర్వాత రెండోదానితో. నాలుగు స్లాట్ల బోర్డుల్లో ఒక్కటే పెడితే చాలావాటికి ప్రాసెసర్ నుంచి లెక్కిస్తే రెండో స్లాట్ సరైనది. ఎందుకైనా మంచిది, మీ మదర్‌బోర్డుతో వచ్చిన పుస్తకం ఒకసారి తిరగేయండి. గ్రాఫిక్స్ కార్డుకీ ఇదే మర్యాద. పనిలో పనిగా ప్రాసెసర్ పక్కనున్న 4 లేదా 8 పిన్నుల పవర్ ప్లగ్ గట్టిగా ఉందో లేదో చూడండి. అది వదులైతే ఫ్యాన్లు తిరుగుతాయి, డిస్‌ప్లే రాదు.

రూపాయి బిళ్లలాంటి బ్యాటరీ

బోర్డు మీద సీఆర్2032 అనే 3 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. మనలో చాలామందికి రాత్రి గోడ స్విచ్ కట్టేసే అలవాటు. అప్పుడు బోర్డు గడియారం మొత్తం ఈ బ్యాటరీ మీదే నడుస్తుంది, కాబట్టి మన ఇళ్లలో అది త్వరగా అయిపోతుంది. ఒక చిన్న పరీక్ష చేయండి. ఉరుములు లేని ఒక రాత్రి గోడ స్విచ్ ఆన్‌లోనే వదిలి, కంప్యూటర్ మాత్రం షట్‌డౌన్ చేయండి. పొద్దున్న మొదటి నొక్కుకే వచ్చి, స్విచ్ కట్టేసిన రోజుల్లో మాత్రం మొండికేస్తుంటే, తేదీ కూడా వెనక్కి పోతుంటే, మొదట మార్చాల్సింది బ్యాటరీయే. ఖర్చు కూడా తక్కువ. కాకపోతే తీసే ముందు విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్క్‌కి వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూసి, రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి. బ్యాటరీ తీశాక అది కీ అడగొచ్చు. కీ లేకపోతే మీ ఫైళ్లు మీకే దక్కవు.

పెద్దవాళ్లున్న ఇళ్లకి, పిల్లలున్న ఇళ్లకి గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం ఎవరూ విప్పవద్దు. మన 230 వోల్టుల కరెంటు లోపల 320 వోల్టులకి పైగా డీసీగా మారి పెద్ద కెపాసిటర్‌లో నిలవుంటుంది. ప్లగ్ పీకిన తర్వాత కూడా కొంతసేపు ఉండొచ్చు. దాన్ని విప్పి బాగుచేయడం కాదు, మంచిదానితో మార్చి చూడడమే పద్ధతి. కేబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందంటే ఇంటికి ఎర్తింగ్ సరిగా లేదన్నమాట. పాత డాబాల్లో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది కానీ మూడో కన్నానికి వైరు ఉండదు. తడి నేల మీద వట్టి కాళ్లతో నిలబడే రోజులు రాకముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించండి.

తుపాను కబురు వచ్చినప్పుడు

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి గుండె దడే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదే తీరం దాటింది. రోజుల తరబడి కరెంటు లేని ఇళ్లెన్నో. పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వార్త వినగానే, ముందు ఫైళ్లు కాపీ చేసి, ఆ డిస్క్‌ని కంప్యూటర్‌కి దూరంగా, మూత బిగుసుకునే డబ్బాలో పెట్టండి. కేబినెట్‌ని నేల మీద నుంచి తీసి బల్ల మీదికి, కిటికీకి దూరంగా మార్చండి. పవర్ ప్లగ్‌తో పాటు ల్యాన్ (ఇంటర్నెట్) కేబుల్ కూడా పీకేయండి, పిడుగు దారి వెతుక్కునేది అటునుంచి కూడా. ఈ తుపాను రోజుల్లో బయాస్ (బోర్డుని లేపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ జోలికి వెళ్లొద్దు. మధ్యలో కరెంటు పోతే బోర్డే లేవకపోవచ్చు.

గాలివాన తగ్గి కరెంటు వచ్చాక మొదటి గంటలో వోల్టేజీ నిలకడగా ఉండదు. ట్యూబులైట్లు మినుకుమంటున్నంతసేపు ప్లగ్ పెట్టకండి. లోపలికి జల్లు కొట్టిందని ఏమాత్రం అనుమానమున్నా పక్క తలుపు విప్పి, రెండు మూడు రోజులు ఫ్యాను కింద పూర్తిగా ఆరనివ్వాల్సిందే. మామూలు ముసురు రోజుల్లో పని లేకపోయినా రోజుకో గంట నడపండి, ఆ వేడికి చెమ్మ ఆరుతుంది. కట్టేసిన వెంటనే ప్లాస్టిక్ కవరు కప్పితే తేమ లోపలే ఉండిపోతుంది. పాత నూలు దుప్పటి మేలు.

ఇవన్నీ చేసినా రాకపోతే ద్వారకానగర్ దుకాణాలకి తీసుకెళ్లక తప్పదు. "డిస్‌ప్లే రావట్లేదు" అని ఒక్క ముక్క చెప్పి వదిలేయకండి. చల్లగా ఉన్నప్పుడే రావట్లేదని, ఏ దీపం దగ్గర ఆగుతోందని, ఏమేం చేసి చూశారో చెప్పండి. రాత్రంతా అక్కడే ఉంచి, పొద్దున్న మొదటిసారి ఆన్ చేసి చూడమనండి. తీసుకెళ్లేటప్పుడు దారిలో వేడెక్కి, అక్కడ బల్ల మీద మొదటి నొక్కుకే లేచి, "బాగానే ఉందండీ" అని తిరిగొచ్చిన కంప్యూటర్లు చాలా చూశాను. మార్చిన పాత భాగం అడిగి తెచ్చుకోండి.

మాస్టారి కంప్యూటర్‌కి ర్యామ్ తుడిస్తే పది రోజులు బాగానే నడిచింది. తర్వాత మళ్లీ మొదలెట్టింది. ఎస్ఎంపీఎస్ మార్చాకే కుదుటపడింది. ఆ రోజు దాన్ని కట్టేయకుండా ఉంచినందువల్ల మనవరాలి పెళ్లి ఫొటోలన్నీ మధ్యాహ్నానికల్లా బయటి డిస్క్‌లోకి చేరాయి. ఆ డిస్క్ మీద ఆయన స్కెచ్‌పెన్నుతో తేదీ వేసి, బీరువాలో బట్టల మధ్య దాచుకున్నారు.