మూత తీస్తే 64, మూత పెడితే 85: వాటర్ కూలింగ్ పెట్టినా గ్రాఫిక్స్ కార్డు కాలుతుంటే

ఇరుకు క్యాబినెట్‌లో కిందామీదా పడి గ్రాఫిక్స్ కార్డుకి 240 ఎంఎం రేడియేటర్ బిగిస్తారు. గేమ్ పెట్టగానే 85 డిగ్రీలు కనిపిస్తే వెంటనే కార్డు విప్పి, చిప్ వేడిని లాగే థర్మల్ పేస్ట్ మళ్లీ పూస్తారు. ఆగండి బాబూ. నీళ్లు తిప్పే పంపు తిరుగుతోందో లేదో చూశారా?

నిమిషంలోపే 90 దాటి స్క్రీన్ నల్లబడుతోంది

చాలాసార్లు పంపే. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవగానే తెరిచే సెట్టింగుల్లో) దాని ఆర్‌పీఎం, అంటే తిరిగే వేగం చూడండి, ట్యూబు మీద వేలు పెట్టండి. సన్నటి అదురు తెలియాలి. మదర్‌బోర్డు మీద పంపు వైరు పెట్టిన హెడర్‌ని (పిన్నుల సాకెట్‌ని) ఫుల్ స్పీడ్‌లో ఉంచండి. రేడియేటర్ ఫ్యాన్లదీ ఇదే గొడవ. మదర్‌బోర్డు మామూలుగా సీపీయూ వేడిని చూసే ఫ్యాన్ల వేగం మారుస్తుంది. గేమ్‌లో కాలేది కార్డు. సీపీయూ 55 దగ్గర హాయిగా ఉంటే ఫ్యాన్లు కూడా హాయిగానే ఉంటాయి. ఫ్యాన్‌కంట్రోల్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో వాటిని కార్డు వేడికి ముడిపెట్టండి.

చిప్ చల్లగానే ఉంది, కాసేపటికి ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు) పడిపోతోంది

బ్రాకెట్‌తో పెట్టిన బ్లాక్ (చిప్‌కి ఆనుకుని, లోపల నీళ్లు పారే లోహపు దిమ్మ) చిప్‌ని మాత్రమే చల్లబరుస్తుంది. పక్కన మెమరీ, చిప్‌కి కరెంటు అందించే వీఆర్‌ఎం కాలుతూనే ఉంటాయి. ఆర్‌టీఎక్స్ 3080లో మెమరీ 110 తాకితే కార్డు తనంతట తానే నెమ్మదిస్తుంది. వాటికి చిన్న హీట్‌సింకులు అతికించి, గాలి తగిలేలా ఒక ఫ్యాన్ పెట్టండి.

సైడ్ ప్యానెల్ తీస్తే బాగుంది, పెడితే కాలుతోంది

ఎవరిని అడిగినా "గాలి ఆడట్లేదు" అంటారు. నేనూ అదే అనుకుని రెండు ఫ్యాన్లు కొన్నాను, రేడియేటర్‌ని ముందు నుంచి పైకి మార్చాను. రెండు వారాలు పోయాయి, వేడి పోలేదు.

ఒకరోజు రాత్రి వేడి రీడింగులు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్ తెరిచి, గేమ్ నడుస్తుండగానే గాజు ప్యానెల్‌ని అరచేత్తో మెల్లగా లోపలికి నొక్కాను. అప్పటిదాకా చిప్ 64, హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు) 76. ప్యానెల్ ఇంకా స్క్రూ దాకా రాలేదు, హాట్‌స్పాట్ 103! మూడు నాలుగు సెకన్లు పట్టిందేమో. చెయ్యి తీస్తే మళ్లీ దిగింది. గాలి ఆడకపోతే వేడి ఇంత తొందరగా ఎక్కదు. ముందు లోపలి నీళ్లు వేడెక్కాలి, దానికే పది పదిహేను నిమిషాలు పడుతుంది.

జరిగిందేమిటంటే, ట్యూబులు గాజు వైపుకి వంగి ఉన్నాయి. గాజు వాటిని నెడుతోంది, బిరుసు ట్యూబులు బ్లాక్‌ని మెలితిప్పుతున్నాయి, చిప్ మీద ఒక మూల బ్లాక్ ఆనక సందు వస్తోంది. విప్పి చూస్తే పేస్ట్ ఒక మూల దళసరిగా, ఎదుటి మూల అరిగినట్టు పల్చగా ఉంది. గాజు లోపలివైపు ట్యూబు రాసుకున్న గీత కూడా ఉంది. అన్ని రోజులూ నా కళ్లెదుటే!

అందుకే ముందు చిప్‌కీ హాట్‌స్పాట్‌కీ మధ్య తేడా చూడండి. 10–15 ఉండి, రెండూ కలిసి మెల్లగా ఎక్కుతుంటే నిజంగానే గాలి సమస్య. ప్యానెల్ పెట్టగానే తేడా 25, 30కి ఎగిరితే ట్యూబులే. గుండ్రటి పంపు బ్లాకైతే తిప్పి, ట్యూబులు గాజు వైపు కాకుండా క్యాబినెట్ ముందు వైపుకి వచ్చేలా పెట్టండి. కొత్త పేస్ట్ రాసి, స్క్రూలు ఎదురెదురు మూలలు మార్చుకుంటూ కొంచెం కొంచెంగా బిగించండి. నాకు ప్యానెల్ మూశాక 65, 78 వచ్చింది. కొన్న ఫ్యాన్లు ఇప్పటికీ అట్టపెట్టెలోనే ఉన్నాయి.

మిగతావి

గుడగుడ శబ్దం వస్తుంటే పంపులో గాలి చేరింది. రేడియేటర్ పై అంచు పంపు కంటే ఎత్తులో ఉండాలి. మే నెలలో గది 36 ఉంటే నీళ్లు అంతకంటే చల్లబడవు, జనవరి రీడింగులతో పోల్చుకోకండి. లీకు, లోపల పాచి లాంటివి పైవన్నీ చూశాకే.